ఉల్టా రాసే బిడ్డ

మంచిర్యాల స్టేషన్ రోడ్డులో మా ఇంటికి ఎదురుగానే బాబు మియా దర్జీ దుకాణం ఉండేది. మా బాపు ఎల్లేశం రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. పని దిగి వస్తూ మా ఇంటికన్నా ముందు ఆ దుకాణం మెట్టు మీద కూర్చునేవాడు. ఆ స్నేహం పుణ్యమా అని నా చిన్నప్పటి లంగాలన్నీ ఊరి జనం బట్టల్లో మిగిలిన ముక్కలతోనే తయారయ్యాయి. ఒక్కొక్క లంగాలో ఎనిమిది ఇళ్ల పెళ్లిళ్లు కనిపించేవి. బడిలో పిల్లలు నవ్వితే నాకు ఒళ్లు మండేది కానీ, బాబు మియా చిచ్చాకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

తమ పిల్లల గురించి గొప్పలు చెప్పుకోని తల్లిదండ్రులు ఎక్కడా ఉండరు. ఒకరు లెక్కల్లో ఫస్టు అంటారు, ఒకరు పాటలు బాగా పాడుతుందంటారు. చిచ్చా గొప్పలు వేరు. ఆయన కొడుకు ఫజలుద్దీన్ చెయ్యి పెట్టకుండా, ఒట్టి చెవులు కదిలించి నెత్తి మీది టోపీని ముందుకీ వెనక్కీ జరిపేవాడు. కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లు అది చూడకుండా పోవడానికి వీల్లేదు. గనుల ఆఫీసరు ప్యాంటు కోసం వచ్చినా సరే, టేపు ఆయన నడుముకు చుట్టి పట్టుకుని, జర మా పోరని టోపీ దిక్కు సూడుండ్రి అనేవాడు. చూసేదాకా టేపు వదిలేవాడు కాదు. తర్వాత ఫజలుద్దీన్‌కు గనిలో నౌకరీ దొరికింది. అందరూ సంతోషించారు. గనిలో పెట్టుకునే గట్టి టోపీ చెవులకు లొంగదని చిచ్చాకు మాత్రం కొంచెం వెలితిగానే ఉండేది.

అసలు గొప్ప కూతురు షాహిదాది. నాకన్నా నాలుగు నెలలు చిన్నది.

చిచ్చా ఒకప్పుడు షేర్వానీలు కుట్టడంలో పేరున్నవాడు. నిజాం రాజ్యం పోయాక షేర్వానీలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ప్యాంట్లు, నిక్కర్లు వచ్చాయి. ఆయన వాటినీ నేర్చుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆఫీసు కాగితాలన్నీ తెలుగులో రావడం మొదలైంది. చిచ్చా చదువుకున్నది కొంచెం ఉర్దూ. ఒకసారి దుకాణానికి వచ్చిన నోటీసును ఏదో పెళ్లి పిలుపనుకుని మూడు వారాలు గోడకు గుచ్చి పెట్టుకున్నాడు. గడువు దాటాక మా బాపు అది చదివి చెబితే, ఆఫీసుకు వెళ్లి అందరి ముందూ మాటలు పడి వచ్చాడు. ఆ రోజే షాహిదాను తెలుగు బడిలో వెయ్యాలని నిశ్చయించుకున్నాడు. ఇంట్లో ఒక్కరికైనా తెలుగు చదువు రావాలన్నది ఆయన పట్టుదల.

దుకాణానికి కూడా తెలుగు పేరు కావాలనుకున్నాడు. రోడ్డు వైపు పెద్ద అద్దం బిగించి, నిర్మల్ నుంచి హనుమండ్లు అనే పెయింటర్ని పిలిపించి, ‘బాబు మియా దర్జీ దుకాణం’ అని ఎర్ర అక్షరాలు రాయించాడు. హనుమండ్లు రోడ్డు మీద నిలబడి అద్దానికి బయటివైపు రాశాడు. ఇల్లు దుకాణం వెనకాలే. చిచ్చా వెనక తలుపు నుంచి వచ్చి మిషన్ ముందు కూర్చునేవాడు. పొద్దంతా ఆ అక్షరాలను లోపలి నుంచే చూసేవాడు. బట్ట ముక్కల కుప్ప మీద కూర్చుని షాహిదా కూడా లోపలి నుంచే చూసేది. తెలుగు అక్షరాలు ఆమె మొదట చూసింది అక్కడే.

ఇంకా బడిలో వెయ్యకముందే, బట్టల మీద గీతలు గీసే సుద్దతో ఆ అక్షరాలన్నీ నేల మీద దించింది. కుడి నుంచి ఎడమకు రాసింది. తల్లి చాంద్‌బీ అది చూసి మురిసిపోయింది. ఉర్దూలో అలిఫ్, బే నేర్పినట్టే రాత కుడి దిక్కు నుంచి మొదలైంది కాబట్టి అంతా సక్రమంగానే ఉందని ఆమె నమ్మకం. చిచ్చా నేలనూ అద్దాన్నీ మార్చి మార్చి చూశాడు. ఒక్క గీత తేడా లేదు. ఇంకేముంది, ఫజలుద్దీన్ టోపీతో పాటు షాహిదా రాత కూడా కొలతకు వచ్చినవాళ్ల నెత్తిన పడింది. చదువొచ్చినవాళ్లు తల గోక్కునేవారు. మొహమాటానికి మంచిగుందని చెప్పి పోయేవారు.

గుట్టు బయటపెట్టింది మా బాపు. ఓ సాయంత్రం మెట్టు మీద కూర్చుని, షాహిదా రాసిన పలక చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత పలకను గోడకున్న నిలువుటద్దం ముందు పట్టాడు. అద్దంలో ‘బాబు మియా దర్జీ దుకాణం’ అని ముత్యాల్లాంటి అక్షరాలు కనిపించాయి. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. చిచ్చా ఛాతీ ఇంకా ఇంత వెడల్పయింది.

“ఎల్లన్నా, అంగి కుట్టేది ఉల్టా దిక్కే గద. తిరగేసినంక సీదా అయితది. నా బిడ్డ రాత గూడ గంతే” అన్నాడు.

ఆ రోజు నుంచి కొలతకు వచ్చినవాళ్లకు పలకతో పాటు అద్దం కూడా చూపించేవాడు.

బడిలో అంబదాస్ సారు దగ్గర ఈ ఆట సాగలేదు. ఆయన ఆదిలాబాద్ అవతలి నుంచి వచ్చినవాడు. మంచివాడే, కానీ ప్రతి పలకనూ అద్దంలో పెట్టి చదివే ఓపిక ఆయనకు లేదు. షాహిదాను నా పక్కన కూర్చోబెట్టి, ఎడమ నుంచి రాయించే బాధ్యత నా మీద పెట్టాడు. నేను చెయ్యి పట్టి తిప్పేదాన్ని. కోపమొస్తే గిల్లేదాన్ని. అది ఇప్పటికీ గుర్తొచ్చి సిగ్గేస్తుంది. మెల్లగా రాస్తే షాహిదా అక్షరాలు సీదాగానే వచ్చేవి. తొందరపడితే చెయ్యి తన పాత దారిన తాను పోయేది. చదవడం మాత్రం రెండు దిక్కులా చదివేది. ఇంటికొచ్చిన ప్రతి నోటీసూ చదివి తండ్రికి చెప్పేది. అప్పుడు చిచ్చా మిషన్ ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని వినేవాడు.

ఏడో తరగతి పెద్ద పరీక్ష వచ్చింది. పాసైతేనే పై చదువు. చాంద్‌బీ అన్నదమ్ములు అప్పటికే ఆడపిల్లకు ఇంత చదువెందుకని ఏడాదిగా సతాయిస్తున్నారు. పాసైతే చదివించడానికీ, తప్పితే మానిపించడానికీ చిచ్చా వాళ్లకు ఒప్పుకుని ఉన్నాడు. బిడ్డ పరీక్ష తప్పదని ఆయనకు అంత ధీమా.

చివరి రెండు పరీక్షల్లో షాహిదా తొందరపడింది. బెల్లు కొట్టే వేళకు చూసుకుంటే సగం పేజీలు సీదా, సగం ఉల్టా. ఏడ్చుకుంటూ దుకాణంలోకి వచ్చింది. నేను వెనకాలే ఉన్నాను. చిచ్చా తిట్టలేదు. అద్దంలో పెట్టి చూస్తే జవాబులు సక్కగ ఉంటాయా అని మాత్రం అడిగాడు. ఉంటాయని షాహిదా తలూపింది.

“అయితె నీ రాత తప్పు కాదు బేటీ. దిద్దేటోళ్ల దగ్గర అద్దం లేదు, అంతే” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గోడకున్న నిలువుటద్దం ఊడదీశాడు. పాత షేర్వానీ గుడ్డలో చుట్టి, ఆదిలాబాద్ బస్సెక్కాడు. కాగితాలు అక్కడ దిద్దుతారని అంబదాస్ సారు చెప్పాడట. పోవద్దని సారు చెప్పాడు, మా బాపు చెప్పాడు. ఆయన వినలేదు. అద్దం ఒళ్లో నిలబెట్టుకుని దారి పొడుగునా కూర్చున్నాడు. ఇచ్చోడ దగ్గర బస్సు ఒక గుంతలో పడితే అద్దం పైమూల పగిలింది.

ఆదిలాబాద్‌లో గేటు దగ్గర చప్రాసీ ఆపి, మూటలో ఏముందని అడిగాడు. చిచ్చా ఉన్నదున్నట్టు చెప్పాడు. చప్రాసీ నవ్వి, కూర్చోమని నీళ్లిచ్చాడు. సాయంత్రం బయటికొచ్చిన ఒక పంతులు కథంతా విని, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కాగితాల మీద పేర్లుండవని, నంబర్లే ఉంటాయని, ఎవరి పిల్ల కాగితం ఎవరి చేతిలో ఉందో దేవుడికే తెలుసని చెప్పాడు. చిచ్చా అద్దం చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు.

షాహిదా తప్పింది. మళ్లీ కూర్చోమని అంబదాస్ సారు ఇంటికొచ్చి చెప్పినా ఆమె వినలేదు. చాంద్‌బీ అన్నదమ్ములు మాట గుర్తుచేశారు. చదువు అక్కడితో ఆగింది. నాకు అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. కొలతకు వచ్చినవాళ్లకు చిచ్చా ఏమీ చూపించడం లేదు. టోపీ మాట లేదు, పలక మాట లేదు. కొలత తీసి, అంకె రాసుకుని, ఎప్పుడు రావాలో చెప్పి పంపేవాడు. పగిలిన అద్దంలో అందరూ తల వంచుకుని చూసుకుని పోయేవారు. ఆ రెండు నెలలు మా స్టేషన్ రోడ్డు నాకు పరాయి ఊరిలా అనిపించింది.

వానలు పడ్డాయి. బొగ్గు దుమ్మూ వాననీళ్లూ కలిసి అద్దం మీది ఎర్ర అక్షరాలను సగం తినేశాయి. హనుమండ్లు మళ్లీ వచ్చాడు. బయట రాస్తే నిలవదని, లోపలివైపు రాస్తే పదేళ్లున్నా చెక్కు చెదరదని అన్నాడు. కాకపోతే లోపలి నుంచి తిప్పి రాయాలి, అది తనకు రాదన్నాడు. రాదని తెలిసీ ఒకసారి ప్రయత్నం చేశాడు. రోడ్డు మీద నుంచి చూస్తే ‘మియా’ మొహం తిప్పుకుని నిలబడి ఉంది.

షాహిదా అతని చేతిలోని కుంచె తీసుకుంది. గుడ్డతో అద్దం తుడిచి, కుడి మూల నుంచి మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. మేమంతా రోడ్డు మీద నిలబడి ఉన్నాం. మా కళ్ల ముందే ఒక్కొక్క అక్షరం ఎడమ నుంచి కుడికి సీదాగా పుట్టుకొచ్చింది. నా వేళ్లు గిల్లిన చెయ్యే అది. హనుమండ్లు మెట్టు మీద కూలబడి, ఎవల దగ్గర నేర్చినవ్ బిడ్డా అని అడిగాడు. గీ అద్దం దగ్గర్నే అంది షాహిదా.

ఆ ఏడాది పూర్తయ్యేలోగా మందుల దుకాణం, బట్టల దుకాణం, చాయ్ హోటల్ అన్నీ షాహిదాను పిలిచాయి. మేనమామలు గునిశారు. చాంద్‌బీ వాళ్లకు గట్టిగా బుద్ధి చెప్పింది. తన బిడ్డ బయట నిచ్చెనలెక్కే పని చెయ్యడం లేదని, లోపల కూర్చుని గోషాలోనే రాస్తుందని అంది. పగిలిన అద్దానికి కూడా మంచి రోజులొచ్చాయి. ఇది ఆదిలాబాద్ పోయొచ్చిన అద్దమని చెప్పి, చిచ్చా అందరికీ ఆ పగులు చూపించేవాడు.

కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మొదటి రోజే. రాయడం అయిపోయాక షాహిదా లోపలికి పోయి, మిషన్ ముందు కూర్చున్న తండ్రిని చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చింది. చిచ్చా ఆ రోడ్డు మీద వేలసార్లు నడిచి ఉంటాడు. తెలుగు చదవడం రాని మనిషి బోర్డు వంక ఎందుకు చూస్తాడు? షాహిదా ఆయన వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద ఆనించి, బా, బు, మి, యా అని చదివించింది. ఆయన చివరిదాకా తప్పు లేకుండా చదివాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ వంచి చాలాసేపు చూశాడు. మొహంలో ఏదో అనుమానం.

“బేటీ, గిది ఉల్టా ఉన్నది గద” అన్నాడు.

ఎవరమూ నవ్వలేదు. ఆయన గబగబా లోపలికి పోయి, మిషన్ ముందు తన పాత చోట కూర్చుని, అక్కడి నుంచి అద్దాన్ని చూశాడు. అప్పుడు ఆయన మొహం విప్పారింది.

“ఇప్పుడు సీదా ఉన్నది” అన్నాడు.