కోటయ్య గారి కాపలా

నందిగామ బస్టాండు పక్క బడ్డీలో అల్లం దంచి టీలో వేసే వాసన తగిలిందంటే చాలు, మా కోటయ్య మేస్త్రి గారు గుర్తొస్తారు. నేను రైల్వేలో ఇంజనీరుగా కొత్తగా చేరి జగ్గయ్యపేట సిమెంటు గూడ్సు లైను మీద పడ్డప్పుడు, పట్టాలు బాగుచేసే గ్యాంగుకి ఆయనే పెద్ద. పనిచేసే చోటికి అటొకరిని ఇటొకరిని, దూరంగా ఎర్రజెండా, విజిలూ ఇచ్చి నిలబెట్టేవారు. బండి కనబడితే ఊదడమే వాళ్ళ పని. టీ వస్తే ముందు వాళ్ళకే. అదీ ఎండలో ఆయనే నడిచి తీసుకెళ్ళి, వాళ్ళు తాగినంతసేపూ జెండా తను పట్టుకునేవారు. ఎప్పుడో గానీ బండి రాని లైనుకి ఇంత హడావుడి ఎందుకా అని నాకు నవ్వొచ్చేది.

ఒక వేసవిలో పెళ్ళికని గ్యాంగులో ముగ్గురు సెలవు పెట్టారు. పట్టాల కింద కంకర కూరే పని సాయంత్రానికల్లా అయిపోవాలని పైనుంచి ఒకటే ఫోన్లు. అసలే నాకు ముక్కు మీద కోపం. దూరంగా కాపలా ఉన్న ఏసుబాబుని కేకేశా. "ఆ జెండా పక్కన పెట్టి వచ్చి గడ్డపార పట్టు. పొద్దుటి గూడ్సు వెళ్ళిపోయిందిగా!"

"అతన్ని పిలవకండి మేడమ్," అన్నారు కోటయ్య గారు.

"అయితే ఆ పని నువ్వు చేస్తావా?" అన్నా. మా నాన్న వయసు మనిషిని నువ్వు అన్నానే అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఏసుబాబు అప్పటికే జెండా వదిలి వచ్చేశాడు. కోటయ్య గారు గొంతు పెంచలేదు. "అందరూ పక్కకి రండ్రా, కూర్చోండి," అన్నారు. గ్యాంగు మొత్తం గడ్డపారలు తీసుకుని గట్టు మీద కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రిపోర్టు రాస్తానన్నా. "రాసుకోండమ్మా," అన్నారు. అరగంట గడిచింది. బండీ లేదు, గిండీ లేదు.

"చూశారా? ఏదీ రాలేదుగా!" అన్నా, ఏదో గెలిచినట్టు.

"రాలేదు కాబట్టే భయమండి. ఇవాళ రాలేదని రేపు కూడా పిలుస్తారు." ఆయన తల దించుకున్నారు. "కుర్రతనంలో మా మేస్త్రి ఇలాగే పిలిస్తే నేనూ జెండా కింద పెట్టి వెళ్ళానండి. మూడు రోజులు ఏం కాలేదు. నాలుగో రోజు మా బావ పోయాడు. నేను పక్కనే ఉన్నా."

ఏసుబాబు తనంతట తనే వెళ్ళి జెండా పట్టుకున్నాడు. పని సగమే అయింది. పైవాళ్ళు అడిగితే, అంత విన్నాక కూడా, మేస్త్రి నా మాట వినలేదని రాసేశా. ఉద్యోగం కొత్త, భయం. ఆయన్ని వేరే గ్యాంగుకి మార్చారు. వెళ్తూ, "కాపలా మనిషిని మాత్రం కదిలించకండమ్మా," అన్నారంతే. తప్పయిందని చెప్పేలోపే ఆయన కాలం చేశారు.

మొన్న నా జూనియరు ఫోన్ చేసింది. మనుషులు చాల్లేదట, కాపలా వాళ్ళని ఓ గంట పనిలో పెట్టుకోనా అంది.

"వద్దు. పని ఎంతయితే అంతే."

"పైవాళ్ళు ఎందుకు అవలేదని అడిగితే మేడమ్?"

"నేను ఆపించానని నా పేరు రాయి," అన్నా. ఆ రోజూ రాయాల్సింది నా పేరే.