దక్షిణామూర్తి మాస్టారి మెట్టతామరలు

దక్షిణామూర్తి మాస్టారి నోట్లోంచి పన్నైనా పీకొచ్చు గాని, ఆయన పెరట్లోంచి పువ్వు కోయడం బ్రహ్మతరం కూడా కాదు.

బందరు పరాసుపేటలో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక ఆయన బొమ్మలు మానేసి మొక్కలు పట్టుకున్నారు. మొక్కలంటే రకరకాలనుకునేరు. ఒక్కటే రకం, మెట్టతామర. స్నానాల నీళ్ళూ, అంట్ల నీళ్ళూ పారే కాలవ పొడుగునా అరటాకుల్లాంటి ఆకులతో, ఎర్రెర్రటి పువ్వులతో నిలబడి మురుగంతా అవే తాగేసేవి. వీధిలో అందరి పెరళ్ళలోనూ దోమలుంటే ఆయన పెరట్లో పిట్టలుండేవి.

పొద్దున్నే ఎవరైనా పూలసజ్జ పట్టుకుని వెళ్తే ఆయన కుర్చీలోంచి లేచేవారు కాదు. చెయ్యి మాత్రం అడ్డం పెట్టేవారు.

"తేనెపిట్ట ఇంకా భోంచెయ్యలేదండీ."

సరే కదా అని పది గంటలకి వెళ్తే, "అయ్యయ్యో, పిట్ట వచ్చి వెళ్ళింది. పక్క పువ్వు పుప్పొడి ముక్కున తెచ్చి అంటించింది. ఇప్పుడీ పువ్వు కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నదాన్ని కోస్తారటండీ?" అనేవారు.

నాలుగు రోజులాగి వెళ్తే పువ్వుండదు, గరుకు గరుకు కాయ ఉంటుంది. "పురిటికి సిద్ధంగా ఉంది, గట్టిగా మాట్లాడకండి."

ఒకసారి గుళ్ళో పూజారి గారే వచ్చి, "పిట్ట ఎంగిలి చేసిన పువ్వు దేవుడికెలా పెడతామయ్యా? ముందే కొయ్యాలి గాని" అన్నారు. "దేవుడు పిట్టని చేసిన రోజున ఆ సంగతి మీరు ఆయనకి చెప్పవలసింది" అన్నారు మాస్టారు. పూజారి గారు ఆరు నెలలు ఆ వీధిన నడవలేదు.

పక్కింటి శారదాంబకి ఈ భాగోతమంతా కాలక్షేపంగానే ఉండేది, తన దాకా వచ్చేవరకు. ఆ ఏడు కూతురు రత్నం తొలిచూలు కానుపు కష్టమైంది. తల్లీ బిడ్డా దక్కితే విజయదశమికి నూట ఎనిమిది ఎర్ర పువ్వులతో పూజ చేస్తానని ఆవిడ అమ్మవారికి మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. పండగ నాలుగు రోజులుందనగా తుపాను వచ్చి ఊళ్ళో మందారాలన్నిటినీ పడగొట్టి పోయింది. మాస్టారి మెట్టతామరలు మాత్రం వంగి, మళ్ళీ లేచి కూచున్నాయి.

"మొక్కు మాస్టారూ. నూట ఎనిమిది పువ్వులు కావాలి."

"నూట ఎనిమిదిమంది గర్భిణులనా!" మాస్టారు గుండె పట్టుకున్నారు. "ఇంకేదన్నా అడుగమ్మా."

శారదాంబకి ఒళ్ళు మండిపోయింది. నవమి మధ్యాహ్నం మాస్టారు కునుకు తీసే వేళ చూసి, సజ్జ కొంగు చాటున పెట్టుకుని ఆయన పెరటి తలుపు తోసింది.

కాలవ గట్టున హిదాయతుల్లా సాయిబు కూచుని ఉన్నాడు. పెడన అద్దకం వాళ్ళకి చెక్క అచ్చులు చెక్కిన మనిషి. రెండేళ్ళయి చూపు మందగించి ఉలి పక్కన పెట్టాడు. ఇప్పుడు మెట్టతామర కాయలు ఒలిచి, లేత గింజలకి తడుముకుంటూ సూదితో బెజ్జాలు పొడుస్తున్నాడు. ఎండి నల్లబడ్డ గింజలు పక్కన దండలుగా గుచ్చి ఉన్నాయి.

"ఎవరమ్మా?"

"పక్కింటి శారదాంబనండీ. ఇవేమిటి?"

"తస్బీలమ్మా, మా జపమాలలు. మసీదు దగ్గర అమ్ముతాను, ఇల్లు గడుస్తోంది. పాపం మాస్టారికి ఈ గింజలంటే చిరాకు. రాలితే పెరడంతా మొలుస్తాయట. 'నా మీద దయుంచి పట్టుకుపోవయ్యా' అని రోజూ బతిమాలతారు. పెద్దమనిషి, కాదనలేక వస్తున్నాను."

కోసిన పువ్వుకి గింజుండదని శారదాంబకి అప్పుడు తట్టింది. "నాకూ ఒక మాల గుచ్చిపెట్టండి సాయిబు గారూ. రేపు పొద్దున్నకి, అమ్మవారికి" అంది సజ్జ కొంగు చాటునే ఉంచి. ఒక్కో గింజా మొన్నమొన్నటి ఎర్ర పువ్వే, అమ్మవారికి ఆ మాత్రం తెలియదా అనుకుంది.

దశమి పొద్దున పూజకి కూచుని లెక్కపెడితే తొంభై తొమ్మిది గింజలున్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. తొంభై తొమ్మిదే. తస్బీకి గింజలు అన్నేనట, సాయిబు వేళ్ళకి ఆ లెక్కే అలవాటు. నూట ఎనిమిది కావాలని చెప్పడం ఆవిడే మరిచిపోయింది.

"మాస్టారూ, సాయిబు గారి మాలలో తొమ్మిది తక్కువయ్యాయండీ!" అని గోడ మీంచి కేకేసింది. ఆ కేకతో తన గుట్టు బయటపడిందని మాస్టారికి తెలిసిపోయింది.

కాసేపటికి ఆయన గుమ్మంలో తయారయ్యారు. ఉత్తరీయం చెంగున తొమ్మిది ఎర్ర పువ్వులున్నాయి.

"గాలికి రాలాయమ్మా, పారెయ్యడమెందుకని తెచ్చాను. సాయిబుతో మాత్రం ఏమీ అనకు. తెలిస్తే రేపటి నుంచి రాడు."

శారదాంబ పువ్వులందుకుని చూసింది. తొమ్మిది కాడలూ ఏటవాలుగా, నున్నగా తెగి ఉన్నాయి.

"బందరు గాలి కత్తి కూడా పట్టుకు తిరుగుతోందన్నమాట మాస్టారూ!"

"తుపాను రోజులు కదమ్మా, ఏం చేస్తాం!" అంటూ మాస్టారు వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయారు.