మొంబాసా టేపు, మల్లేశు అడిగిన ప్రశ్న

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, రంజాన్ సెలవులు ముగిసిన వారంలో, మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఉన్న మా స్టూడియోకు ఒక పాత టేపు వచ్చింది. నేనక్కడ సీనియర్ సౌండ్ ఇంజనీరును. డెబ్బయ్యో దశకంలో మొంబాసాలో నలుగురు కుర్రాళ్లు నడిపిన రాక్ బ్యాండు చరిత్రను ఒక ప్రచురణకర్త పుస్తకంగా వేస్తున్నాడు. స్వాహిలీలో పాడుతూ, ఎలక్ట్రిక్ గిటార్లతో పెళ్లిళ్లనూ సినిమా హాళ్లనూ ఊపేసిన ఆ బ్యాండు ఒక్క రికార్డైనా వెయ్యకుండానే విడిపోయింది. పాడిన హమద్ పోయాడు, మరో ఇద్దరి జాడ తెలియదు. మిగిలినవి ఈ టేపూ, హమద్ అన్న, డ్రమ్ములు వాయించిన సలీం గారూ. పూర్వీకులది ఒమానే కనుక సలీం గారు ఇక్కడే స్థిరపడ్డారు. పుస్తకంతో పాటు ఇచ్చేందుకు ఆ పాటలు శుభ్రం చేయడం నా పని.

పాత టేపును ఏ వేగంతో నడపాలో తేల్చడానికి మాకొక పద్ధతి ఉంది. రికార్డింగులో కరెంటు మోత సన్నగా పడుతుంది. దాన్ని హమ్ అంటాం. కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది కాబట్టి హమ్ యాభై దగ్గరుంటే వేగం సరైనదని లెక్క. నాకు సరిగ్గా యాభై వచ్చింది. పని చూడ్డానికి రోజూ వస్తున్న సలీం గారు రెండు నిమిషాలు విని, ఇది మా తమ్ముడి గొంతు కాదు, ఎవరో చిన్నపిల్లాడిలా ఉంది అన్నారు. మీటరు చూపించాను. ఈ వయసులో మరుపు సహజమని కూడా అన్నాను.

మా ఎలక్ట్రీషియన్ మల్లేశుది జగిత్యాల. నలభై దాటినవాడు, సైట్ల మీద పనిచేసి మా దగ్గరికొచ్చాడు. అతనికొచ్చిన హిందీ, సలీం గారికొచ్చిన హిందీ ఇద్దరికీ సరిపోయాయి. రోజూ పాలు కలపని సులేమానీ చాయ్ తాగుతూ ఒకటే కబుర్లు. ముప్పై ఏళ్ల అనుభవమున్న నన్ను "ఇంజనీర్ సాబ్" అని పొడిగా పలకరించే మనిషి, వైర్లు లాగేవాడి భుజం మీద చెయ్యి వేసేవారు. నాకు ఒళ్లు మండేది. దాచడమెందుకు, కుళ్లుకున్నాను.

సలీం గారు టేపు విన్న మర్నాడు మల్లేశు నా గదికొచ్చాడు. "సార్, పాటలు రికార్డు చేసిన దినం కరెంటు ఏడికెళ్లి వచ్చిందని సలీం సాబ్‌ను అడిగిన. సినిమా హాలు జనరేటరట. గిటార్లు గట్టిగ కొడితే లైటు బుగ్గలు డిమ్ అయితుండెనట. లోడ్ పడితే జనరేటర్ స్లో అయితది గద సార్. టేపు మోటరు గూడ దాని మీదనే గద."

విన్న క్షణంలోనే నాకు అర్థమైంది. రికార్డు చేసేటప్పుడు కరెంటు ఊపు, టేపు వేగం రెండూ ఒకే పాళ్లలో మందగించాయి. అలాంటి టేపును ఇప్పుడు మామూలు వేగంతో నడిపితే తగ్గిన హమ్ మళ్లీ పెరిగి యాభైకే వస్తుంది, పాట మాత్రం పరుగెత్తుతుంది.

"నీ వైరింగు పని నువ్వు చూసుకో" అన్నాను.

అతను వెళ్లాక తలుపేసుకుని వేగం తగ్గించాను. పిల్లాడి గొంతు మగవాడి గొంతైంది. సలీం గారిని పిలిపించి, బాగా ఆలోచిస్తే నాకే తట్టిందని చెప్పి వినిపించాను. ఆయన "హమద్" అన్నారు. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. అప్పటికి మల్లేశు మళ్లీ వచ్చి అదే గదిలో స్టూలెక్కి ట్యూబ్‌లైటు బిగిస్తున్నాడు. కిందికి దిగలేదు, తన పని తాను చేసుకుపోయాడు.

పుస్తకంలో కృతజ్ఞతల పేజీలో, టేపుకు సరైన వేగం కనిపెట్టినవాడిగా నా పేరుంది. మల్లేశు పేరు లేదు. సలీం గారు ఆ తర్వాత కూడా చాయ్ మల్లేశుతోనే తాగారు. అప్పుడూ కుళ్లుకున్నాను.

మీటరు ఏం చూపినా, ఆ రోజు కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు అడగాలి. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి జూనియరుకూ ఇదే మొదటి పాఠంగా చెప్పాను. అది నాకెవరు నేర్పారో మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.