గొడుగు అనే మాట మా వదినది

మా వదిన పోయింది. మిరపకోతకి ఆడవాళ్ళను తీసుకుపోయే ఆటో పొద్దున్నే మా గుమ్మం ముందు ఆగింది. "మావయ్యా, ఇవ్వాళ పన్లోకి పోవట్లేదు. అత్త పోయింది" అన్నారు అందులోని ఆడవాళ్ళు. అందరూ దిగి, అన్నం గిన్నెలు చేతుల్లో పట్టుకునే వదిన ఇంటివైపు నడిచారు.

నేను అయిదో తరగతి దాకా చదివాను. మాట్లాడటం నాకు అంతగా రాదు. రాయటమే కొంచెం నయం, ఎదురుగా ఎవరూ ఉండరు. మా ఊరు నల్లపాడు దాటి లోపలికి. ఎవడైనా పెత్తనం చేస్తే మా ఊళ్ళో వాడిని "గొడుగు" అంటారు. కాలేజీ బస్సెక్కే పిల్లలు కూడా అంటారు. ఆ మాట ఎవరిదో వాళ్ళకి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీసాలు రాకముందే నేను ఆసామి దగ్గర పాలేరుగా చేరాను. మా ఊరి మిరపచేలల్లో సగం ఆయనవే. ఆయన చేలోకి వస్తే వెనక నేను నల్లగొడుగు పట్టుకుని నడవాలి. నీడ ఆయన మీద పడాలి, నా చెయ్యి ఆయనకి తగలకూడదు. మా అన్న పోయాక వదిన కోతల ముఠాకి మేస్త్రి అయింది. గట్టు మీద మేము కనబడగానే "గొడుగొస్తందే, నడుములు వంచండి" అనేది. మొదట్లో నన్నే ఎగతాళి చేస్తోందనుకుని రెండు రోజులు వాళ్ళింటికి వెళ్ళలేదు. మూడోరోజు తనే వచ్చింది.

"నిన్నెందుకంటానయ్యా? నువ్వు కర్రవి" అంది. నవ్వి, కందిన నా మెడ మీద వెన్న రాసింది.

తర్వాత ఆ మాట గొడుగు పట్టనివాళ్ళకీ అంటుకుంది. కాలువ నీళ్ళకి బతిమాలించుకునే లస్కరు గొడుగు. రేషను బియ్యానికి రేపు రమ్మనేవాడు గొడుగు. వదినకీ తప్పలేదు. కోతలో వెనకబడిన ఒక ముసలామెను ఒకసారి గట్టిగా కసిరింది. ఆమె తల ఎత్తకుండానే, "నువ్వూ గొడుగైపోతన్నావే" అంది. సాయంత్రం వదిన ఆ ముసలామె సాలు కూడా తనే కోసి, అందరూ తాగాక అడుగున మిగిలిన నీళ్ళు తాగింది. ఆ తర్వాత ఎప్పుడూ నీళ్ళకి ఆఖరునే వచ్చేది.

సెల్‌ఫోన్లు మా ఊళ్ళోకి ఇంకా రాని రోజుల్లో జరిగింది చెప్తాను. మిరప కల్లంలో ఎండాక ఆడవాళ్ళు తాలుకాయ ఏరతారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఇంటికి వెళ్ళేటప్పుడు కూరలోకి గుప్పెడు తాలు ఒడిలో వేసుకోవటం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ ఏడు ఆసామి కొత్త కట్టడి పెట్టాడు. ఎర్రకాయ పోతోందట. ప్రతి ఆడదీ కల్లం గేటు దగ్గర ఒడి దులిపి చూపించి వెళ్ళాలట.

వదిన దులపలేదు. ముఠా మొత్తం దులపలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. పని మానేస్తే పక్క ఊరి ముఠా ట్రాక్టరులో దిగుతుంది, ఆ ఎండాకాలమంతా వీళ్ళకి పని ఉండదు. దులిపితే దొంగలమని ఒప్పుకున్నట్టు. మర్నాడు మధ్యాహ్నం దాకా గేటుకి అడ్డంగా కూర్చున్నారు. ఆసామి ఎస్సైని పిలిపించాడు.

ఎస్సై జీపు దిగి, "నువ్వేనా మేస్త్రివి? మమ్మల్ని కూడా గొడుగులంటన్నారంట. ఏంటి దానర్థం?" అన్నాడు.

"చెప్తానండి. కొట్టేదుంటే ముందే చెప్పండి, కుచ్చెళ్ళు దోపుకుంటా."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఎండ అందరికీ ఒకటేనండి. తన వంతు ఎండ కూడా పక్కనోడి నెత్తిన పెట్టేవోడు గొడుగు. మా మరిదిని చూడండి. కుడిభుజం ఎడందానికన్నా పైకుందా లేదా? కర్ర పట్టీ పట్టీ అట్టాగే ఉండిపోయింది."

అందరూ నావైపు చూశారు. అప్పుడు కూడా నేను ఆసామికి గొడుగు పట్టుకునే ఉన్నాను.

"ఒడి సంగతీ అంతేనండి. ఘాటు మా చేతులకి, దొంగతనం మా ఒడికి. సరే, దులుపుతాం. మాతోపాటు గేటు దాటే ప్రతివోళ్ళూ దులపాలి. ముందు ఆసామిగారిని పంచె దులపమనండి."

"ఏమే, నోరు లేస్తంది!" అన్నాడు ఆసామి.

"అదొక్కటేగా అయ్యా, మీరు కాటా మీద పెట్టంది."

ఎస్సై వదినను జీపెక్కమన్నాడు. ఎక్కి కూర్చుంది. ఆడవాళ్ళు కూడా, "మేమూ దులపలేదుగా, మేమూ వస్తాం" అంటూ జీపు వెనక నడవటం మొదలెట్టారు. నేను గొడుగు ముడిచి ఆసామి చేతిలో పెట్టాను. వాళ్ళతో నడిచాను. వెనక నుంచి "ఒరేయ్, ఒరేయ్" అని ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

వదినను స్టేషను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. మేం ముందు నేల మీద కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా పడమట మబ్బు లేచింది. కల్లం నిండా ఆరబోసిన కాయ ఉంది. ఆసామి తనే స్కూటరు మీద వచ్చి, "పంపించండి సార్, కాయ తడుస్తది" అన్నాడు.

వదిన బల్ల మీదనుంచి లేవలేదు. "ఒడి మాటేంటి?" అంది.

"లేదులే. ఇక లేదు."

"వీళ్ళందరికీ వినపడేట్టు చెప్పు."

చెప్పాడు.

"పదండే. కాయేం తప్పు చేసింది?" అని తనే ముందు నడిచింది.

నా పని మర్నాడే పోయింది. వదిన ముఠాలో చేరి తాలు ఏరాను. మగాడు తాలు ఏరటమేంటని ఊళ్ళోవాళ్ళు నవ్వితే, "మా మరిది భుజం దింపుకుంటన్నాడు, మీకేం?" అనేది. పోయేదాకా నా తరఫున మాట్లాడిందల్లా తనే. చితి దగ్గర ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను.

నాకు గుర్తుండిపోయింది మాత్రం స్టేషను నుంచి కల్లానికి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే. కాయ కుప్పేసి పట్టాలు కప్పేసరికి వాన మొదలైంది. ఆడవాళ్ళంతా కొంగులు నెత్తిన వేసుకుని పరుగెత్తారు. వదిన పరుగెత్తలేదు. ఒళ్ళంతా తడుస్తున్నా, కాయ ఏరి ఎర్రబడిన రెండు చేతులతో తాలుకాయతో నిండిన ఒడి పొదివి పట్టుకుని, ఎవరూ కాపలా లేని ఆ గేటులోంచి కావాలనే మెల్లగా నడిచింది.