కాజ్మీర్ గారి మూడు వందల అరవై అయిదో రోజు

కాజ్మీర్ ప్లుటా గారికి ఉన్న పిచ్చి ఒక్కటే: కొన్న ప్రతి ఇంట్లోనూ సరిగ్గా మూడు వందల అరవై అయిదు రోజులు ఉంటే గానీ కదలరు.

కొన్న ఇంట్లో తామే ఉండేవాళ్లకైతే బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. ఏడాదిపాటు ఆ ఇంట్లోనే కాపురముంటానని సంతకం పెట్టాలి. సంతకం పెట్టిన మర్నాడే ఇల్లు అద్దెకిచ్చేసే ఘనులు మిల్వాకీలో కొల్లలు. ఈ రిటైరైన బస్సు డ్రైవరు మాత్రం అయిదేళ్లలో అయిదిళ్లు కొని, ఏడాది నిండిన ఇల్లు అద్దెకిస్తూ, పడక్కుర్చీ, సూప్ గిన్నె, క్యాలెండరు మోసుకుని ఇల్లిల్లూ తిరిగారు. క్రిస్మస్‌కి చెల్లెలు పిలిస్తే ఆమె వండిన పియరోగీ కుడుములు డబ్బాలో పెట్టించుకుని, పడుకోవడానికి ఇంటికే వచ్చేశారు.

"బ్యాంకు వాళ్లొచ్చి మంచం కింద చూస్తారా ఏంటండీ?" అంది ఆర్డిస్. బ్యాంకులో ఆ అయిదు సంతకాలూ పెట్టించింది ఆమే.

"వాళ్లు చూడరు కాబట్టేగా నేను చూసుకోవాలి."

ఆరో ఇంటికి వేరే బ్యాంకులో అప్పు తీసుకున్నారు. ఏడాది కాగానే ఆర్డిస్‌కి అద్దెకిస్తానన్నారు. ఆమె ఉంటున్న ఫ్లాటు అమ్ముడైపోయింది, మార్చి ఒకటికల్లా ఖాళీ చెయ్యాలి. కాజ్మీర్ గారి ఏడాదేమో పన్నెండుకి గానీ నిండదు.

"పదకొండు రోజులు నేనూ, టెస్సూ ఎక్కడికి పోవాలండీ?"

"మా చెల్లెలింటికి. గది సర్దించాను."

"ఆ గదిలోకి మీరే వెళ్లొచ్చుగా?"

"సంతకం, అమ్మాయ్."

ఆర్డిస్‌కి ఒళ్లు మండింది. మనిషి మంచివాడే గానీ ఉడుంపట్టు. ఆ చెల్లెలి గురకా, తన పదిహేనేళ్ల కూతురు టెస్ సణుగుడూ వింటూ పదకొండు రోజులు గడిపింది.

పన్నెండో తారీఖు పొద్దున ఆయన తాళాలూ, ఇంటి కాగితాల ఫైలూ చేతికిచ్చి, పడక్కుర్చీ వ్యానెక్కించారు. ఫైలు తెరిస్తే పైనే అప్పు పత్రం. అలవాటైన కళ్లు ఊరుకోవుగా. అద్దెకిచ్చే ఇల్లనీ, యజమాని ఉండనక్కర్లేదనీ అందులో స్పష్టంగా ఉంది.

"కాజ్మీర్ గారూ, దీనికి ఆ షరతే లేదండీ. మరి నన్నెందుకు ఏడిపించారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేను దిగిన మర్నాడే మంచు కరిగి సెల్లార్లో మోకాలిలోతు నీళ్లు. గోడ బాగు చేయించాను. మళ్లీ మంచు కరిగితే గానీ ఆ మేస్త్రీ మాట నమ్మలేను కదా. మొన్ననే కరిగింది. చుక్క రాలేదు."

"అన్ని ఇళ్లలోనూ ఇంతేనా?"

"అన్ని కాలాలూ ఉండి చూడందే ఇంకొకరికి ఇల్లెలా ఇస్తాను? సంతకం అంటే ఎవరూ ఎదురు చెప్పరు, అమ్మాయ్."

ఆయన మీద కోపం ఎటు పోయిందో ఆర్డిస్‌కే తెలియలేదు. లోపల ప్రతి కిటికీకీ ఒక చీటీ: "జనవరి గాలికి ఈల వేసేది. మాన్పించాను." మెట్ల దగ్గర చీటీ టెస్ చదివింది: "మూడో మెట్టు కిర్రుమంటుంది. కావాలనే వదిలేశాను. పిల్ల ఎన్నింటికి ఇంటికొచ్చిందో అమ్మకి తెలుస్తుంది."

"అమ్మా, ఇదొక్కటీ మనం బాగు చేయించుకుందామే," అంది టెస్.