రాణిగారి సలహాదారుకి ప్లేనోలో సన్మానం

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ బడాయి మాత్రం బోలెడు ఉండేది. అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో చేస్తున్న ప్రాజెక్ట్ అయిపోయింది. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోయినట్టే, పెట్టె సర్దుకోవడమే. (అడిగినవాళ్లకి మాత్రం బ్రేక్ తీసుకుంటున్నానని చెప్పేవాణ్ణి.) అలాంటి సమయంలో మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ గారు ఫోన్ చేసి, "లండన్ నించి లార్డు గారొస్తున్నారు. సన్మానపత్రం నువ్వే రాసి చదువు. ప్రోగ్రాం బాగా జరిగితే నీ రెజ్యూమే మా కంపెనీ వీపీకి నేనే ఫార్వర్డ్ చేస్తా" అన్నారు. అప్పటికి నాకు పంతొమ్మిది రోజులు మిగిలాయి.

లార్డు గారంటే తెనాలిలో పుట్టి, చదువుకి ఇంగ్లండు వెళ్లి, ముప్పై ఏళ్లు అక్కడి రాజకీయాల్లో నలిగి, చివరికి పార్లమెంటు ఎగువ సభలో కుదురుకున్న మనిషి. ఇంటర్నెట్‌లో వెతికితే నాలుగు కమిటీల పేర్లు తప్ప ఏమీ దొరకలేదు. సన్మానపత్రం నాలుగు లైన్లకే అయిపోతే అతిథికీ చిన్నతనం, రాసినవాడికీ చిన్నతనం. అదృష్టం కొద్దీ ఆయన అక్కగారు, మేమంతా మామ్మగారు అని పిలిచే ఆవిడ, ఆర్నెల్లు ఉండి వెళ్దామని ప్లేనోలో కొడుకింటికి వచ్చి ఉన్నారు. వెళ్లి అడిగాను. ఆవిడ చిక్కుళ్లు తుంచుతూ, "రాసుకో నాయనా. రాణిగారు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు మా తమ్ముణ్ణే అడుగుతారు. ఒక్క ఎలక్షన్‌లోనూ ఓడి ఎరగడు. మంత్రిగా ఉన్నప్పుడు లండన్ మొత్తం వీడి చేతి మీదే నడిచింది" అన్నారు. నేను ఆవగింజంత కూడా అనుమానించలేదు. ఇంటికొచ్చి నా వంతుగా 'రాజనీతి ధురంధరుడు' కూడా చేర్చి, ఫ్రేమ్ కట్టించి ప్రెసిడెంట్ గారికి ఇచ్చేశాను.

శనివారం లార్డు గారిని హోటల్ నించి హాల్‌కి నేనే కార్‌లో తీసుకెళ్లాను. దారిలో మర్యాదకి ఆయన జీవితం గురించి అడిగితే, "ఏముందయ్యా, మూడుసార్లు ఓడి నాలుగోసారి నెగ్గాను. ఏడు నెలలు చిన్న మంత్రిని, అదీ మురుగుకాల్వలకి. రాణిగారితో ఒక్కసారి మాట్లాడాను, వానల గురించి" అన్నారు. నాకు ఏసీలో చెమటలు పట్టాయి. ఫ్రేమ్ కట్టిన అబద్ధాన్ని దిద్దేదెలా?

చేసేదేం లేక స్టేజ్ మీద రాసింది రాసినట్టే చదివేశాను. హాలంతా చప్పట్లు. శాలువా కప్పాక లార్డు గారు మైక్ అందుకున్నారు. నా రెజ్యూమే, దాంతోపాటు నేనూ ఇండియా విమానం ఎక్కేశాం అనుకున్నాను. ఆయన ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న అక్కగారి వైపు కాసేపు చూసి, "ఈ అబ్బాయి చదివిందాంట్లో తప్పేమీ లేదండీ. నాలుగు మాటలు తగ్గించే రాశాడు" అన్నారు.

తిరిగి వెళ్తుంటే కార్‌లో ఆయన మెల్లగా, "పార్లమెంటులో ఏనాడూ ఒక్క అబద్ధం ఆడలేదయ్యా. ఓసారి పొరపాటున ఓ తేదీ తప్పు చెప్పి, మర్నాడు లేచి క్షమాపణ అడిగాను. ఇవాళ అక్క మొహం చూసి ఆడేశాను" అన్నారు. ఇంతలో మామ్మగారి ఫోన్. ఆయనకి మీటలు సరిగ్గా కనబడక స్పీకర్ నొక్కారు.

"ఒరే తమ్ముడూ, నువ్వు ఓడినప్పుడల్లా ఫోన్ చేసి ఏడ్చింది మర్చిపోయాననుకున్నావా? మూడుసార్లూ తలుపేసుకుని విన్నాను. మీవాడు మళ్లీ ఓడాడటగా అని ఊళ్లో అందరూ నన్నే అడిగేవాళ్లు. ఒక్కరోజైనా నలుగుర్లో గెలిచినవాడిలా కూచుంటావనే అలా రాయించా. తిన్నావా?"

"తిన్నానక్కా" అన్నారు లార్డు గారు. తర్వాత కళ్లజోడు తీసి, హోటల్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశారు. నేనేమో హైవే దిగాల్సిన ఎగ్జిట్ దాటేసి రెండు మైళ్లు పోయాను.

రెజ్యూమే వెళ్లింది, ఉద్యోగమూ వచ్చింది. అంతమందిని బోల్తా కొట్టించి గట్టెక్కానని చాలాకాలం లోలోపల మురిసిపోయేవాణ్ణి. అసలు బోల్తా పడింది నేనేనని, చిక్కుళ్లు తుంచుతూ ఆవిడ నన్ను వాడుకున్నంత మంచి పనికి మళ్లీ ఎవరూ వాడుకోలేదని తెలిసేసరికి చెవుల దగ్గర జుట్టు నెరిసింది.