అగథకు సరిపడే స్కీలు

"పడింది నువ్వు. స్కీలు కాదు."

"స్కీలు పడేశాయి కాబట్టే నేను పడ్డాను. ఇన్ని చలికాలాలు పడనిదాన్ని ఒక్కసారి పడితే అదే కనపడిందా నీకు?"

"ఒక్కసారికే మోకాలు గుమ్మడికాయంత అయింది కదా. ఏప్రిల్లో నిన్ను వీపున వేసుకుని దించింది నేను. తేలికే అనుకో, అయినా మోశాను."

"మొయ్యమని నిన్నెవరు అడిగారు? కూచుని జారుకుంటూ వచ్చేదాన్ని."

తన కొట్టు వెనక గదిలో మంచు మీద జారే స్కీలకు మైనం పూస్తున్న లోరెంజ్ మైనం కరిగించే ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి చెవి అటు వేశాడు. ముందు గదిలో పోట్లాడుకుంటున్నది అతని మేనత్త అగథ, మంచుచరియల ప్రమాదాన్ని కనిపెట్టి చూసే ఊరి సంఘానికి పెద్ద అయిన గెబ్‌హార్డ్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నారు. అరవై దాటినా ఆ బెంచీ మీద మోచేతులతో పొడుచుకోవడం మాత్రం ఆపలేదు.

"ఈ ఏడు కొలతల పని యూయెన్ వాళ్ళ కుర్రాడికి ఇద్దామనుకుంటున్నాం అగథా," అని గెబ్‌హార్డ్ అసలు సంగతి బయటపెట్టాడు.

ఆస్ట్రియాలోని ఆ మోంటఫోన్ లోయలో ఆ ఒక్క పనే అగథకి ఊపిరి. చలికాలమంతా తెల్లవారకముందే ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చు పట్టీలు అతికించుకుని, ఊరి పైనున్న కొలత మైదానానికి ఎక్కుతుంది. అక్కడ పాతిన కర్ర దగ్గర రాత్రి ఎంత మంచు పడిందో, కింది పొర ఎంత గట్టిపడిందో చూసి కిందికి ఫోన్ చేస్తుంది. పై ఇళ్ళ నుంచి బడి బస్సు దిగవచ్చో లేదో ఆ ఫోన్‌ని బట్టే తేలుతుంది. ముందు ఆమె పెద్దన్న కిలియన్ చేసేవాడు. అతను పోయాక, ఎవరూ అడగకముందే, అతని స్కీలు భుజాన వేసుకుని ఆమె ఎక్కింది. పెళ్ళి చేసుకోలేదు, ఆవుల్ని అమ్మేసింది, చర్చి పాటల్లోంచి గొంతు బాగాలేదని తప్పుకుంది. మిగిలింది ఇదొక్కటే.

లోరెంజ్‌కి మాట దాచుకోవడం చేతకాదు. ఇన్స్‌బ్రుక్‌లో ఇంజనీరింగు చదువుతూ, మాస్టారి పాఠం వింటే నిద్రొస్తోందని ఆయన మొహం మీదే అనేసి, రెండో ఏడు మధ్యలో లేచి వచ్చేసినవాడు. ఇప్పుడూ చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి, "స్కీలదే తప్పు గెబ్‌హార్డ్ మావయ్యా," అన్నాడు.

"చూశావా?" అంది అగథ.

"నీదీ తప్పే అత్తా. అవి కిలియన్ పెదనాన్న స్కీలు. ఆయన తొంభై కిలోల మనిషి. ఆయన మోకాలు వంచితే స్కీ వంగేది. నువ్వెక్కితే ఎవరో ఎక్కారన్న సంగతే దానికి తెలీదు."

"కొలిచే తీసుకున్నాన్రా." ఆమె మూలనున్న స్కీని తెచ్చి నేల మీద నిలబెట్టి, పక్కన నిలుచుని కుడిచెయ్యి పైకి చాచింది. స్కీ మొన సరిగ్గా మణికట్టుని తాకింది. "ఇదీ కొలత. మీ తాత మా అందరికీ ఇలాగే చూసేవాడు."

ఆ లోయలో తరాలుగా అదే కొలత. చెయ్యెత్తితే మణికట్టుకి అందాలి. అంతకన్నా పొట్టి స్కీ తొక్కేవాడు ఇంకా పిల్లాడి కింద లెక్క. అగథ ముగ్గురు అన్నల తరవాత పుట్టింది, వాళ్ళలో ఎవరి భుజానికీ రాలేదు. ఆమెకని ఎవరూ స్కీలు కొనలేదు, అన్నలు వదిలేసినవే. పద్నాలుగో ఏట తండ్రి కొలవబోతే బూటు లోపల మడమలెత్తి నిలబడిందట, పొట్టివి అంటగడతారని. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పేది. ఆ పెద్ద స్కీల మీద ఊరి పందెంలో పాల్గొని అందరికన్నా చివర వచ్చింది, కానీ ఎక్కడా పడలేదు. వాలు దిగాలంటే తనకన్నా బలమైన గిత్తని పగ్గం పట్టి లాక్కెళ్ళినట్టే ఉంటుందని ఆమె నమ్మకం. ఇంకోలా ఉండొచ్చని ఆమెకి తోచనే లేదు.

"ఆ కొలత చెక్కతో చేసిన స్కీల నాటిది అత్తా. అప్పట్లో స్కీలు తిన్నగా, సన్నగా ఉండేవి, పొడుగుంటేనే మంచు మీద తేలేవి. ఇప్పటివాటికి మొనా తోకా వెడల్పు, నడుము సన్నం. అవే తిరుగుతాయి." లోరెంజ్ గోడ మీంచి ఒక జత దించి ఆమె పక్కన నిలబెట్టాడు. నూట ముప్పై సెంటీమీటర్లు. నూట నలభై తొమ్మిది సెంటీమీటర్ల అగథకి అది మూతి దాకా వచ్చింది.

"ఇది స్కీయా చీపురా?"

"చీపురే అనుకో. తొక్కి చూడు."

గెబ్‌హార్డ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండి, మెల్లగా అన్నాడు. "సరే అగథా. చలి బిగిసాక ఒక పొద్దున నాతో పైకి రా. దిగేటప్పుడు నెట్జా వాలుని అడ్డంగా దాటు. పడకుండా దాటితే పని నీదే. పడితే మాత్రం కొలత సామాను ఉంచే గుడిసె తాళం ఇచ్చెయ్యాలి. మళ్ళీ నిన్ను మొయ్యడానికి నా నడుము ఒప్పుకోదు."

"నీ నడుము సంగతి నాకెందుకు," అంది గానీ ఆ పొట్టి స్కీల మీంచి చెయ్యి తియ్యలేదు.

అవి పొట్టివే కాదు, బాగా వెడల్పువి కూడా. బూటు కింద దాదాపు పది సెంటీమీటర్లు. ఆ ఏడు నగరం నుంచి వచ్చినవాళ్ళందరూ వెడల్పువే అడిగారు. మెత్తటి మంచులో పడవల్లా తేలతాయని లోరెంజ్ కూడా ఎంతోమందికి చెప్పాడు, చెప్పీ చెప్పీ తానే నమ్మాడు. పొడుగు తగ్గించాం కదా, ఆ లోటు వెడల్పుతో పూడ్చుదాం అనుకున్నాడు. లెక్క చక్కగా కుదిరింది.

నవంబరు చివర మంచి మంచు పడింది. అగథ వాటి మీద దిగుతుంటే లోరెంజ్ కింద నిలబడి చూశాడు. పిండిలాంటి మంచులో ఆమె ఇటు తిరిగింది, అటు తిరిగింది, మళ్ళీ తిరిగింది. కింద ఆగాక నవ్వుతోంది. ఆమె పళ్ళన్నీ కనపడేలా నవ్వడం అతను అంతకుముందు చూడలేదు.

"ఒరేయ్, ఇది చెప్పిన మాట వింటోందిరా," అంది. "ఇన్నేళ్ళూ వాటితో కుస్తీ పట్టాను. ఇలా ఉంటుందని ఒక్క వెధవా చెప్పలేదే నాకు."

తరవాత గాలి లేచింది. ఆకాశం తేరుకుంది, రాత్రిళ్ళు చలి బిగిసింది, మంచు పైపొర గాజు పలకలా అయింది. గెబ్‌హార్డ్ కన్నా ముందు తామే ఒకసారి వెళ్ళి చూద్దామని అగథ లోరెంజ్‌ని పిలిచింది. తెల్లారగానే ఎక్కారు. దిగేటప్పుడు నెట్జా దగ్గర ఆమె ముందు, అతను వెనక.

ఆ వాలుని అడ్డంగా దాటాలంటే స్కీల కొండ వైపు అంచులు మంచులో గుచ్చుకోవాలి. పది బారలు పోయిందో లేదో, కింది స్కీ వాలులోకి బల్లపరుపుగా ఒరిగిపోయింది. అంచు పట్టలేదు. అగథ చప్పుడు లేకుండా జారింది. పొదలున్న గట్టు దగ్గర ఆగింది. లోరెంజ్ దిగి వెళ్ళేసరికి మంచులో కూచుని మోకాలు పట్టుకుని ఉంది.

"విరిగిందా?"

"లేదు. అడుగు పెట్టినప్పుడల్లా పాదాన్ని ఎవరో కిందికి మెలిపెడుతున్నట్టుంది. మడమ నుంచి మోకాలు దాకా లాగేస్తోంది." ఊపిరి పీల్చుకుని, "పనైపోయింది కదరా," అంది. "గెబ్‌హార్డ్ చెప్పిందే నిజం. నాకే చేతకావట్లేదు."

లోరెంజ్ ఆమె బూటు కిందికి చూస్తున్నాడు. ఆ చిన్న బూటుకి రెండు పక్కలా స్కీ వేలి వెడల్పున బయటికొచ్చి ఉంది. గట్టి మంచులో పట్టాల్సింది అంచు. ఆ అంచేమో పాదం కింద లేదు, పక్కన ఎక్కడో ఉంది. స్కీని ఒరగకుండా పట్టే భారమంతా ఆమె మోకాలి మీదే పడుతోంది. కిలియన్ పాదానికైతే ఈ వెడల్పు సరిపోయేది, కిలియన్ మోకాలు దీన్ని ఆపేది. అసలు తేలడానికి ఆమెకి ఇంత వెడల్పు ఎందుకు? నలభై ఆరు కిలోల మనిషి. బల్ల చెక్క మీద నిలబెట్టినా మునగదు.

"తప్పు నాది అత్తా. లావుపాటివాళ్ళకి ఇచ్చేది నీకిచ్చాను. పొడుగు ఒక్కటే చూసి నీ బరువు మర్చిపోయాను."

"ఓదార్చకు."

"నేను ఎవర్నైనా ఓదార్చడం చూశావా ఎప్పుడైనా?"

ఆమె ఒక్కసారి అతని మొహంలోకి చూసి, లేవడానికి చెయ్యి చాచింది.

కొట్టులో లోరెంజ్ ఆ రోజంతా స్కీలు దించడమూ, అరచేత్తో నడుము మీద నొక్కడమూ అదే పని. నొక్కితే వంగనివి పక్కన పడేశాడు, తన చేతికే వంగనివి ఆమె బరువుకి వంగవు. చివరికి ఒక జత తేలింది. నడుము ఎనిమిది సెంటీమీటర్లు, మెత్తగా వంగుతుంది. పొడుగు మాత్రం ముందుదానికన్నా ఎక్కువ, సరిగ్గా ఆమె తలెత్తు.

"మళ్ళీ పెంచావేం?" అంది అగథ.

"గట్టి మంచులో పట్టుకోవడానికి అంచు పొడుగుండాలి. మరీ మూతి దాకా తగ్గించడం కూడా నా అతితెలివే. నువ్వు బాగా తొక్కగలవు, పొట్టిది ఇచ్చి నిన్ను పిల్లని చేశాను."

"రంగేంటిరా ఇది? పందిపిల్ల రంగు."

"ఆడవాళ్ళ స్కీలకి ఆ రంగే వేస్తున్నారు. నన్ను తిట్టకు."

"ఎవర్ని తిట్టాలో చెప్పు, వాళ్ళనే తిడతాను," అంటూ చంకన పెట్టుకుంది.

గెబ్‌హార్డ్‌తో వెళ్ళిన పొద్దున చలి ముక్కు కొరికేస్తోంది. పైన కర్ర దగ్గర కొలతలు తీసుకుని, ఫోన్ చేసి, వెనకే వచ్చిన లోరెంజ్ సహా ముగ్గురూ నెట్జా అంచుకి వచ్చారు. గెబ్‌హార్డ్ ముందు దాటి అవతల నిలబడ్డాడు. అగథ మోకాళ్ళు కొద్దిగా వంచి బయల్దేరింది. అంచు మంచుని గీసుకుంటూ పోయే సన్నటి చప్పుడు వినిపించింది. ఎక్కడా తెగలేదు. జారిన చోటికి వచ్చినప్పుడు కూడా ఆమె కిందికి చూడలేదు. అవతలికి చేరింది.

గెబ్‌హార్డ్ చేతి తొడుగు తీసి, ఆమె మంచుటోపీ సరిచేసి, "రేపు ఎన్నింటికి ఎక్కుతావు?" అని మాత్రం అడిగాడు.

"రోజూ ఎక్కే వేళకే."

అతను దిగిపోయాక అత్తామేనల్లుళ్ళు వాలు అవతలున్న ఆ గుడిసెలో కాసేపు కూచున్నారు. అగథ పొయ్యి రాజేసి, ఎండురొట్టె, పుల్లటి చీజ్ కోసి పెట్టింది. పందిపిల్ల రంగు స్కీలు తలుపు పక్కన నీరు కారుతున్నాయి. గెలిచిన మనిషి మొహం కాదు ఆమెది. మోకాలు చేత్తో నెమ్మదిగా రాసుకుంటోంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు. ఉండే రోజు ఎలా ఉంటుందా అని చూసుకుంటున్నాను." కత్తిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. "ఇవాళ స్కీ బాగుంది, నేనూ బాగున్నాను. ఇంకో మూడేళ్ళకో నాలుగేళ్ళకో స్కీ బాగానే ఉంటుంది, నేనే బాగోను. అది నాకు కనపడదు, నన్ను నేనెరుగుదును. పట్టీ బాలేదంటాను, నడుము వెడల్పంటాను, ఏదో ఒకటి పట్టుకుని మళ్ళీ నీ కొట్టుకే వస్తాను. కింద పిల్లల బస్సు ఉంటుంది కదరా, నేనెక్కలేకపోయిన రోజు."

లోరెంజ్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు.

"గెబ్‌హార్డ్‌కి నేనంటే జాలి, వాడు చెప్పడు," అంది అగథ. "నువ్వు చెప్పు. నలుగురి ముందు కాదు, వంటింటికి వచ్చి చెప్పు. ఆ రోజు నేనెంత తిట్టినా సరే, నాకు ఇంకో జత మాత్రం అమ్మకురా."